అట్లాంటిక్‌ను షిప్పులో దాటడం: అపోహలు - వాస్తవాలు

మే నెలాఖరు. కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్‌కి దక్షిణాన, గ్రాండ్ బ్యాంక్స్ అనే సముద్ర ప్రాంతం మీదుగా న్యూయార్క్ వైపు వెళుతున్నాం. నాది అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా వాచ్, అంటే కాపలా డ్యూటీ. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, బ్రిడ్జిలో, అంటే షిప్పును నడిపే గదిలో నిలబడితే మా షిప్పు ముందు కొసే నాకు కనిపించడం లేదు. నాలుగింటికి వాచ్ అప్పజెప్పి కిందికి దిగుతుంటే మెట్ల దగ్గర ఒక పెద్దాయన లైఫ్ జాకెట్ వేసుకుని కూర్చుని ఉన్నారు. పక్కన వాళ్లావిడ, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు, చేతిలో పాస్‌పోర్టులు.

ముందురోజే డైనింగ్ హాలు దగ్గర నా పేరు బ్యాడ్జి చూసి "మనవాడివేనా బాబూ?" అని పలకరించారు. తెనాలి దగ్గర ఊరు. లండన్‌లో కొడుకు దగ్గర కొన్నాళ్లుండి, కొడుకూ కోడలితో కలిసి న్యూజెర్సీలో కూతురి దగ్గరికి వెళుతున్నారు.

"దాచకుండా చెప్పు బాబూ. అర్ధరాత్రి నుంచీ సైరన్ మోగుతూనే ఉంది. షిప్పుకి ఏమైంది?" అన్నారాయన. గొంతు వణుకుతోంది.

ఏమీ కాలేదు. ఆ హారన్ మోగించింది మేమే. అంతా బాగుందనడానికే అది గుర్తు. ఆ సంగతి ఆయనకు ముందే ఎవరూ చెప్పకపోవడం నన్ను చాలా బాధపెట్టింది. నేను విశాఖవాణ్ణి. పదకొండేళ్లుగా ప్యాసింజర్ షిప్పుల్లో డెక్ ఆఫీసర్‌గా చేస్తున్నాను. ఇన్నేళ్లలో నేను చూసింది ఒకటే: మనవాళ్లు భయపడక్కర్లేని వాటికి నిద్ర మానుకుంటారు, జాగ్రత్త పడాల్సిన వాటిని పట్టించుకోరు. ఈ రాత అందుకే.

అపోహ: పదేపదే హారన్ మోగుతుంటే ప్రమాదం వచ్చినట్టే.

పొగమంచులో నడిచే ప్రతి యంత్రపు ఓడా రెండు నిమిషాలకు మించని విరామంతో ఒక్కో దీర్ఘ హారన్ మోగిస్తూ ఉండాలి. నాలుగు నుంచి ఆరు సెకన్లు. సముద్రం మీద ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నిబంధనల్లో ఇదొకటి. రెండు రాడార్లు పనిచేస్తున్నా, తెర మీద ఏమీ లేకపోయినా మోగించాల్సిందే. ఎదుటివాడు రాడార్ లేని చిన్న చేపల పడవ కావచ్చు.

గ్రాండ్ బ్యాంక్స్‌లో ఈ పొగమంచు మామూలే. ఉత్తరం నుంచి వచ్చే చల్లటి లాబ్రడార్ ప్రవాహం, దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి గల్ఫ్ స్ట్రీమ్ అక్కడ కలుస్తాయి. వెచ్చటి తేమగాలి చల్లటి నీటి మీదికి వచ్చేసరికి మంచు కమ్ముకుంటుంది. ముఖ్యంగా వసంతం చివర్లో, వేసవిలో.

మరి నిజమైన ప్రమాద సంకేతం ఏది? ఏడు పొట్టి కూతలు, వాటి వెంటనే ఒక పొడుగు కూత. అది ఒక్క హారన్‌లోనే కాదు, లోపల గంటల్లో, స్పీకర్లలో, మీ గది బయట వరండాలో కూడా వినిపిస్తుంది. ఏడు పొట్టి, ఒకటి పొడుగు. ఇదొక్కటి గుర్తుంటే ఆ పెద్దాయన ఆ రాత్రి హాయిగా పడుకునేవారు.

అపోహ: ప్రమాదంలో ఏం చేయాలో నేర్పే డ్రిల్ ఒక లాంఛనం, ఇంటికొకరు వెళితే చాలు.

ఆయన వేసుకున్న లైఫ్ జాకెట్ తిరగేసి ఉంది. నడుం దగ్గరి బెల్టు వెనక వేలాడుతోంది. నేనే విప్పి, మళ్లీ సరిగ్గా వేసి, బకిల్ ఎలా పెట్టాలో ఇద్దరికీ చూపించాను. మొదటిరోజు మస్టర్ స్టేషన్‌కి, అంటే ప్రమాదంలో అందరూ చేరాల్సిన చోటికి వెళ్లి కార్డు స్కాన్ చేయించుకున్నారట గానీ, అక్కడ చెప్పింది వినలేదు. "మా వాడు విన్నాడులే బాబూ" అన్నారు. ఆ కొడుకు గది మూడు డెక్కుల కింద ఉంది.

ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. 1912లో టైటానిక్ మునిగినప్పుడు దాని మీద సుమారు 2,200 మంది ఉన్నారు. లైఫ్ బోట్లలో చోటు 1,178 మందికే. అది కూడా పూర్తిగా నిండలేదు. ఎవరు ఎటు వెళ్లాలో జనానికి ముందే తెలియదు మరి. పోయినవాళ్లు సుమారు 1,500 మంది. అందుకే 1914లో సముద్రంపై ప్రాణరక్షణ ఒప్పందం పుట్టింది. మేం సోలాస్ అని పిలుస్తాం. ఈ రోజు మీరెక్కే షిప్పులో అందరికీ చోటుంటుంది. కానీ చోటుంటే చాలదు, అక్కడికి దారి తెలియాలి. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో కోస్టా కంకార్డియా అనే క్రూజ్ షిప్పు రాయిని ఢీకొని ఒరిగిపోయినప్పుడు, ఆ సాయంత్రమే ఎక్కిన ప్రయాణికులకు ఇంకా డ్రిల్ జరగలేదు. అప్పటి నియమం ప్రకారం 24 గంటల్లోపు పెడితే సరిపోయేది. 32 మంది చనిపోయారు. ఆ తర్వాత నియమం మార్చారు. 2015 జనవరి 1 నుంచి షిప్పు బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో డ్రిల్ జరగాలి.

మీరు గదిలోకి వెళ్లగానే చేయాల్సిన పని చెబుతాను. బట్టలు సర్దుకునే ముందు, లైఫ్ జాకెట్ ఎక్కడుందో చూడండి, ఒకసారి వేసుకోండి. తర్వాత మీ మస్టర్ స్టేషన్‌కి లిఫ్టు వాడకుండా మెట్ల మీదుగా ఒకసారి నడవండి. ప్రమాదంలో లిఫ్టులు వాడనివ్వరు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, మెట్లు దిగలేనివాళ్లు ఆ మాట మొదటి రోజే రిసెప్షన్‌లో చెబితే, సాయానికి ఎవరు రావాలో రాసిపెట్టుకుంటారు. మొహమాటపడి దాచకండి.

అపోహ: రాత్రిపూట షిప్పును లంగరు వేసి ఆపేస్తారు.

అట్లాంటిక్ సగటు లోతు మూడున్నర కిలోమీటర్ల పైమాటే. మా లంగరు గొలుసు కొన్ని వందల మీటర్లు. వేయాలన్నా అడుగు అందదు. షిప్పు రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది. బ్రిడ్జి మీద పన్నెండు నుంచి నాలుగు, నాలుగు నుంచి ఎనిమిది, ఎనిమిది నుంచి పన్నెండు, ఇలా వాచ్‌లు వంతులవారీగా సాగుతాయి. చీకట్లో కళ్లు అలవాటు పడాలి కాబట్టి రాత్రి బ్రిడ్జిలో దీపాలు ఆర్పేస్తాం. కెప్టెన్ సినిమాల్లోలా చక్రం పట్టుకుని నిలబడరు. నడి సముద్రంలో దారి పట్టించేది ఆటోపైలట్. కానీ రాత్రి వాచ్‌లో ఆఫీసర్‌తో పాటు, ఊరికే బయటికి చూడటమే పనిగా ఒక మనిషి తప్పకుండా ఉంటాడు. యంత్రాలు ఎన్ని ఉన్నా మనిషి కళ్లు కావాలన్నది రూలు.

అపోహ: మ్యాపులో గీత గీసినట్టు తిన్నగా పడమరకు వెళతారు.

గదిలో టీవీలో మ్యాపు చూసి "ఇదేంటి, పైకెందుకు పోతున్నాం?" అని కంగారుపడేవాళ్లు ప్రతి ట్రిప్పులో ఉంటారు. భూమి గుండ్రం. ఇంట్లో గ్లోబు ఉంటే ఇంగ్లండ్ నుంచి న్యూయార్క్‌కి ఒక దారం బిగించి పెట్టి చూడండి, అది ఉత్తరంగా వంగి వెళుతుంది. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లే విమానాలు ఉత్తరంగా పోయేదీ ఇందుకే. ఇంగ్లండ్ రేవు సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ 3,100 నాటికల్ మైళ్లకు పైనే, అంటే 5,700 కిలోమీటర్ల పైమాటే. ఫిబ్రవరి నుంచి జులై దాకా మంచుకొండలు కిందికి కొట్టుకొస్తాయి కాబట్టి ఆ రోజుల్లో దారిని ఇంకాస్త దక్షిణానికి దించుతాం. టైటానిక్ తర్వాత 1914లో మొదలైన అంతర్జాతీయ ఐస్ ప్యాట్రోల్ (మంచుకొండల మీద నిఘా పెట్టే సంస్థ) సీజన్‌లో రోజూ మంచు హద్దుల మ్యాపు పంపుతుంది. నా వాచ్‌లో నేను మొదట తెరిచే కాగితం అదే.

అపోహ: పాత రోజులకంటే ఇప్పటి షిప్పులు వేగంగా వెళతాయి.

ఎస్ఎస్ యునైటెడ్ స్టేట్స్ అనే లైనర్ (సముద్రం దాటించడానికే కట్టిన ప్రయాణికుల ఓడ) 1952 జులైలో అట్లాంటిక్‌ను 3 రోజుల 10 గంటల 40 నిమిషాల్లో దాటింది. ఇప్పుడు సౌతాంప్టన్-న్యూయార్క్ మామూలుగా ఏడు రాత్రులు. జెట్ విమానాలు వచ్చాక తొందరున్నవాళ్లందరూ వాటిలోకి మారిపోయారు.

అపోహ: క్రూజ్ షిప్పులన్నీ ఒకటే, అన్నీ సముద్రం దాటుతూనే ఉంటాయి.

ఏడాది పొడవునా అట్లాంటిక్ దాటడం కోసమే కట్టిన లైనర్ ఇప్పుడు ఒక్కటే నడుస్తోంది, క్వీన్ మేరీ 2. ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్‌లో కట్టారు, 2004 జనవరిలో తిరగడం మొదలుపెట్టింది. పొడవు 345 మీటర్లు. ముందుభాగం పొడుగ్గా, కోసుగా ఉంటుంది. నీటిలో పది మీటర్ల లోతు మునిగి ఉంటుంది. లైఫ్ బోట్లు అలలకు అందనంత ఎత్తులో పెట్టారు. మామూలు క్రూజ్ షిప్పులు రేవు నుంచి రేవుకి తిరగడానికి కట్టినవి. అవి వసంతంలో కరీబియన్ నుంచి యూరప్‌కి, శరదృతువులో తిరిగి అటు సముద్రం దాటుతాయి. సీజన్ మారినప్పుడు షిప్పును చోటు మార్చే ప్రయాణాలివి. రెండు వారాల దాకా పడుతుంది, దారిలో అజోర్స్, మదీరా వంటి దీవుల్లో ఆగొచ్చు. రోజుకింత అని లెక్కేస్తే ఈ టికెట్లు చాలాసార్లు చవగ్గా దొరుకుతాయి. నాలాంటివాళ్లం ఎక్కువగా దాటేది వీటిలోనే.

అపోహ: ఎంత పైన, ఎంత ముందుంటే అంత మంచి గది.

ఇది మనవాళ్ల జేబుకి చిల్లు పెట్టే అపోహ. అమ్మానాన్నల కోసం పిల్లలు ప్రేమగా, ఖరీదెక్కువైనా పై డెక్కులో ముందువైపు బాల్కనీ గది తీసుకుంటారు. ఊపు అందరికంటే ఎక్కువ తెలిసేది అక్కడే. ఊయలబల్ల గుర్తు తెచ్చుకోండి. కొసన కూర్చున్నవాళ్లు ఎంత పైకి లేస్తారో, నడిమిన కూర్చున్నవాళ్లకు అంత కదలిక ఉండదు. షిప్పూ అంతే. కింది డెక్కుల్లో, సరిగ్గా మధ్యలో ఉన్న గది కిటికీ లేకపోయినా సరే, వాంతులు అయ్యే మనిషికి అదే స్వర్గం.

షిప్పుకి రెండు పక్కలా నీటిలో రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. అవి పక్కలకు ఒరిగే ఊపును బాగా తగ్గిస్తాయి. ముందు వెనకలుగా లేచిపడే ఊపును మాత్రం ఆపలేవు.

కడుపులో తిప్పడం మీ బలహీనత కాదు. గదిలో గోడలు కదలడం లేదని కన్ను చెబుతుంది, కదులుతున్నామని లోపలి చెవి చెబుతుంది. మెదడు ఆ రెండింటి మధ్య నలిగిపోతుంది. అందుకే బయటికి వచ్చి దూరంగా నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తే నెమ్మదిస్తుంది. ఫోన్ చూస్తూ పడుకుంటే ఎక్కువవుతుంది. ఖాళీ కడుపుతో ఉండకూడదు. మా దగ్గర ఉప్పు బిస్కెట్లు, గ్రీన్ యాపిల్ ఇస్తాం. అల్లం ముక్క కూడా చాలామందికి పనిచేస్తుంది. టాబ్లెట్ వేసుకోవాలనుకుంటే ఊపు మొదలవ్వక ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక లోపల నిలవదు. అయితే ఈ మందుల్లో చాలావాటికి మత్తు ఉంటుంది. గ్లకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లకు కొన్ని పడవు. పెద్దవాళ్లయితే ఊళ్లో ఉండగానే డాక్టర్‌ని అడిగి తెచ్చుకోండి.

అలలు పెరగబోతున్నాయని ఎలా తెలుస్తుంది? స్విమ్మింగ్ పూల్‌లో నీళ్లు తీసేస్తున్నా, లిఫ్టుల దగ్గర కాగితపు సంచులు కనిపిస్తున్నా, మేం వాతావరణం మ్యాపు చూసే ఆ పని చేయిస్తున్నామని అర్థం చేసుకోండి. ఆ సాయంత్రానికి గాజు సామాన్లు టేబుల్ మీంచి తీసేయండి, ఒక చేయి ఎప్పుడూ రెయిలింగ్ మీద ఉంచండి. పెద్ద అలకి షిప్పు మునగదు గానీ, బాత్‌రూమ్ గడప తగిలి తుంటి ఎముక విరగడం మాత్రం జరిగే పనే. 1995 సెప్టెంబరులో హరికేన్ లూయిస్ సమయంలో క్వీన్ ఎలిజబెత్ 2 అనే షిప్పు ఎదుట ఒక అల దాదాపు 29 మీటర్లు లేచింది. బ్రిడ్జి కిటికీల ఎత్తుకి సమానంగా కనిపించిందని కెప్టెన్ చెప్పారు. షిప్పు న్యూయార్క్ చేరింది.

అపోహ: షిప్పులో హాస్పిటల్ ఉంటుంది, హెలికాప్టర్ వస్తుంది, ఆరోగ్యం గురించి టెన్షన్ అక్కర్లేదు.

డాక్టర్, నర్సులు, ఎక్స్‌రే, ఈసీజీ, ప్రాణం నిలబెట్టే పరికరాలు ఉంటాయి. యాంజియోప్లాస్టీ చేసే సదుపాయం, పెద్ద ఆపరేషన్ థియేటర్ ఉండవు. హెలికాప్టర్లు తీరం నుంచి కొన్ని వందల కిలోమీటర్లే రాగలవు. నడి అట్లాంటిక్‌లో రెండు మూడు రోజుల పాటు ఏ హెలికాప్టర్‌కీ అందనంత దూరంలో ఉంటాం. ఈ మధ్యనే గుండెనొప్పి వచ్చినవాళ్లు డాక్టర్ ఒప్పుకోకుండా ఈ ప్రయాణం పెట్టుకోకూడదు. షిప్పులో వైద్యం ఉచితం కాదు, బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. సముద్ర ప్రయాణానికి వర్తించే ఇన్సూరెన్స్ తప్పనిసరిగా తీసుకోండి.

ఒక చిన్న విషయం ఉంది, నేను చాలామందికి చెబుతుంటాను. రేవులో మీ పెద్ద సూట్‌కేసులు తీసుకుంటారు, అవి గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. మందులు ఎప్పుడూ చేతి సంచిలోనే. పోతే పోనీ అనుకోకుండా నాలుగు రోజులవి ఎక్కువే తెచ్చుకోండి.

ఇంకొకటి గడియారం. న్యూయార్క్ సౌతాంప్టన్ కంటే ఐదు గంటలు వెనక. విమానంలో ఆ ఐదు గంటలూ ఒక్కసారే నెత్తిన పడతాయి. షిప్పులో ఐదు రాత్రులు ఒక్కో గంట వెనక్కి తిప్పుతాం, అంటే మీకు రోజుకి 25 గంటలు. నిద్ర చెడదు, అది ఈ ప్రయాణంలోని గొప్ప సుఖం. కానీ ఇన్సులిన్ వేసుకునేవాళ్లు గంట జరిగితే ఏం చేయాలో ముందే అడిగి రాసి తెచ్చుకోవాలి. తూర్పు వైపు వస్తే దీనికి తిరగబడి, రోజుకి 23 గంటలే.

అపోహ: శానిటైజర్ రాసుకుంటే చేతులు శుభ్రం.

షిప్పుల్లో విరేచనాలు, వాంతులు అంటించే నోరోవైరస్‌కి శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. సబ్బూ నీళ్లూ, ఇరవై సెకన్లు. బఫే చెంచా వందల చేతులు మారుతుంది, అందుకే తినే ముందు కడుక్కోవడం తప్పదు. విరేచనాలు పట్టుకుంటే దాచకండి. గదిలో ఉంచేస్తారన్న భయంతో దాచిన ఒక్క మనిషి వల్ల మొత్తం డెక్కు పడకేసిన ట్రిప్పు నేను చూశాను.

అపోహ: శాకాహారులకు ఉపవాసమే.

కాదు. గల్లీలో, అంటే షిప్పు వంటగదిలో, మన దేశం వంటవాళ్లు చాలామంది ఉంటారు. బుకింగ్‌లోనే రాయించండి, మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో మాట్లాడండి. "వెజిటేరియన్" అంటే వాళ్ల లెక్కలో గుడ్డు ఉండొచ్చు, అది తినకపోతే విడిగా చెప్పాలి. ఇంట్లో వండింది చాలా షిప్పుల్లోకి తేనివ్వరు. పులిహోర డబ్బా గేటు దగ్గర వదిలేయాల్సి వస్తే మనసు కష్టపడుతుంది, ముందే కనుక్కోండి.

అపోహ: ఫోన్ మామూలుగా పనిచేస్తుంది. / అసలు పనిచేయదు.

రెండూ తప్పే. 2022 నుంచి చాలా షిప్పులు స్టార్‌లింక్ శాటిలైట్ ఇంటర్నెట్ పెట్టుకున్నాయి, ప్యాకేజీ కొంటే వాట్సాప్ వీడియో కాల్ వెళుతుంది. కానీ ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఆ తర్వాతే వైఫై ఆన్ చేయండి. లేదంటే అది షిప్పు శాటిలైట్ రోమింగ్‌కి తగులుకుని బిల్లు మోత మోగిస్తుంది.

అపోహ: సముద్రం మీద వెళితే వీసా అక్కర్లేదు. భారత పాస్‌పోర్టుతో న్యూయార్క్‌లో దిగాలంటే అమెరికా వీసా ఉండాల్సిందే. అది లేకపోతే సౌతాంప్టన్‌లోనే ఎక్కనివ్వరు.

అపోహ: సముద్రం దాటడం మన తెలుగువాళ్లకు అచ్చిరాదు.

సముద్రం దాటితే కులం పోతుందన్న మాట ఒకప్పుడు ఉండేది. అయినా దాటినవాళ్లు దాటారు. కాకినాడ పక్క కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి కూలి కోసం రంగూన్‌కి స్టీమర్లలో వెళ్లినవాళ్లకు లెక్కలేదు. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో దక్షిణాఫ్రికాలోని నాటల్ ప్రాంతపు రేవు డర్బన్ చేరింది. అలా నాటల్ చేరిన కుటుంబాల్లో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. వాళ్లకు బాల్కనీ లేదు, తిరుగు టికెట్ మీద నమ్మకమూ లేదు. మా తాత విశాఖలో ఓడలు కట్టే సింధియా యార్డులో పనిచేశారు. 1948లో నెహ్రూ అక్కడ కట్టిన జల ఉష ఓడను నీళ్లలోకి దింపిన రోజు, తెల్లారుజామునే వెళ్లి రేవు దగ్గర నిలబడ్డానని చెప్పేవారు. ఆ ఇంటివాణ్ణి కాబట్టి ఈ మాట వింటే నాకు మనసు చివుక్కుమంటుంది.

అపోహ: దారంతా తిమింగలాలు, దీవులు, వేరే ఓడలు కనిపిస్తాయి.

నీటికి ముప్పై మీటర్ల ఎత్తున నిలబడ్డా కంటికి ఆనేది పదకొండు నాటికల్ మైళ్ల దూరం, అంటే సుమారు ఇరవై కిలోమీటర్లు. ఆ వలయంలో మూడు రోజుల పాటు ఏమీ కనిపించకపోవచ్చు. మొదటి రోజు విసుగు, రెండో రోజు దిగులు. మూడో రోజుకి నీటి రంగు గంటగంటకీ మారుతోందని తెలియడం మొదలవుతుంది. పొద్దున సీసం రంగు, మబ్బు తొలగితే ఇంకు రంగు, షిప్పు పక్కన నురగ కింద లేత ఆకుపచ్చ. తెనాలి పెద్దావిడ నాలుగో రోజు డెక్కు మీద కుర్చీ వేయించుకుని, భోజనానికి పిలిచినా లేవలేదు.

ఆఖరి రోజు మాత్రం నిద్ర మానుకోండి. చీకటి ఉండగానే న్యూయార్క్ రేవు బయట ఆంబ్రోస్ దగ్గర, షిప్పుకి రేవులోకి దారి చూపే పైలట్ చిన్న పడవలో వచ్చి తాడు నిచ్చెన ఎక్కుతారు. కాసేపటికి షిప్పు రేవు ముఖద్వారంలోని వెరజానో వంతెన కిందికి వస్తుంది. పొగగొట్టం వంతెనకి తగులుతుందేమో అన్నంత దగ్గరగా ఉంటుంది, తగలదు, ఆటుపోట్ల లెక్క ముందే కట్టి ఉంచుతాం. ఆ ట్రిప్పులో పెద్దాయన నాలుగున్నరకే మంకీ క్యాప్ పెట్టుకుని పై డెక్కుకి వచ్చేశారు. మెడ వెనక్కి వాల్చి వంతెన దీపాలు దాటేదాకా చూశారు. కానీ నిలబడింది కుడివైపు. నేను డ్యూటీలో ఉన్నాను, చెప్పే వీలు లేదు. కొడుకు వెతుక్కుంటూ వచ్చి చేయి పట్టుకుని ఇవతలికి తీసుకెళ్లేసరికి వేరేవాళ్లు రెయిలింగ్ అంతా నిండిపోయారు. న్యూయార్క్‌లోకి వెళ్లేటప్పుడు లిబర్టీ విగ్రహం ఎడమవైపు వస్తుంది. వంతెన దాటకముందే ఎడమ రెయిలింగ్ దగ్గర చోటు చూసుకోండి.